నిన్నటి కూర నిన్నటిలా అనిపించకుండా

ప్రశ్న: నమస్తే అండీ. ఇంట్లో నలుగురం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి వంట ఒకేసారి కాస్త ఎక్కువగా చేసి పెట్టుకుంటాను. వారం చివరికి ఫ్రిజ్ నిండా చిన్న చిన్న డబ్బాలే. ఒకదాంట్లో గిన్నెడు అన్నం, ఇంకోదాంట్లో ఉడికించిన బంగాళదుంపలు, నాలుగు గరిటెల పప్పు, కాస్త కోడిమాంసం, సగం కోసిన ఉల్లిపాయ, వాడిపోయిన క్యారెట్లు, ఎండిన బ్రెడ్డు అంచులు. మొన్న ఉన్నవన్నీ ఒకే గిన్నెలో వేసి సూప్‌లా మరిగించాను. బూడిదరంగు జావ తయారైంది. పిల్లలు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని లేచిపోయారు. మావారైతే ఏది వడ్డించినా "నిన్నటిదేనా?" అంటారు. పారేయాలంటే మనసొప్పదు, దాచితే తినేవాళ్లు లేరు. వీటితో కొత్తగా వండినట్టు అనిపించే వంట చేయడం సాధ్యమేనా? ఎన్నాళ్లవరకూ వాడొచ్చు? నేను వాసన చూసి, బాగుంటే వాడేస్తున్నాను. అది సరైనదేనా? మా చెల్లెలు నన్ను పిసినారి అంటోంది, దానికీ ఏదైనా చెప్పండి.
— ఒక పాఠకురాలు

జవాబు: సాధ్యమేనండీ. ముందు ఆ సూప్ సంగతి చూద్దాం. అది ఎందుకు చెడిందో తెలిస్తే మిగతా సగం పని అయిపోయినట్టే.

మీ ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి డబ్బాకీ తన ఉప్పు తనకుంది, తన పులుపు తనకుంది. దేని ఉడుకు దానికి అప్పటికే సరిపోయి ఆగింది. అన్నిటినీ కలిపి మళ్లీ అరగంట మరిగిస్తే ఉడికిందే ఉడికి, ముక్కన్నది మిగలదు. అన్నంలోని, దుంపలోని, పప్పులోని పిండిపదార్థం నీళ్లలోకి దిగి గంజిలా చిక్కబడుతుంది. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు కలిసి బూడిదరంగు తేలుతుంది. నాలుక మీద పెట్టుకుంటే ఇది ఫలానా వంట అని చెప్పడానికి ఒక్క రుచీ ముందుకు రాదు. పిల్లలు లేచిపోయారంటే వాళ్ల తప్పు లేదు. ఆ గిన్నెతో ఫ్రిజ్ ఖాళీ అయింది, అంతే.

కాబట్టి నేను చెప్పే మొదటి మాట: ఒక పూటకి ఒక్క మిగులే ముఖ్యం. దాన్ని ఎంచుకున్నాక మిగతా డబ్బాల్లోంచి ఒకటో రెండో దానికి తోడుగా రావచ్చు. మిగిలినవి రేపటికి ఆగాలి. దానితో పాటు కంచంలో ఆ పూట కొత్తగా చేసింది ఏదో ఒకటి తప్పకుండా ఉండాలి. అదేమీ పెద్ద వంట కానక్కర్లేదు. అప్పుడే తరిగిన పచ్చి ఉల్లిపాయ కావచ్చు, ఒక వేయించిన గుడ్డు కావచ్చు, గుప్పెడు ఆకుకూర కావచ్చు. కానీ అది ఉండాలి. అన్నీ పాతవే అయిన కంచాన్ని ఎంత ముస్తాబు చేసినా తినేవాళ్లు కనిపెట్టేస్తారు.

ఇక మీవారి "నిన్నటిదేనా?" గురించి. ఆ మాట ఎప్పుడు వస్తుందో గమనించండి. రుచి పాడైనప్పుడు కాదు, చాలాసార్లు మెత్తదనం తెలిసినప్పుడు వస్తుంది. ఫ్రిజ్‌లో పడుకున్న ముక్కల్లోంచి నీరు కొంత బయటికి వచ్చేస్తుంది, కరకరలాడేవి తడిని పీల్చుకుని సాగుతాయి, పులుసు చిక్కబడుతుంది. దాన్ని అలాగే గిన్నెలో వేసి వేడిచేస్తే నిన్నటి వంటే కాస్త నీరసించి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మసాలా ఎంత గుప్పించినా ఈ చిక్కు తీరదు. మారాల్సింది నోటికి తగిలే తీరు. మెత్తగా ఉన్నది కరకరలాడాలి, ముక్కలుగా ఉన్నది ముద్ద కావాలి, గట్టిగా ఉన్నది పల్చబడాలి, పొడిగా ఉన్నది ఏదో ఒక రసంలో నానాలి. ఒక్కసారి తీరు మారితే అదే ఉప్పు, అదే కారంతో కూడా అది వేరే వంటగానే అనిపిస్తుంది.

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది పొడి వేడి, అంటే పెనమో ఓవెనో. నీళ్లు ఉన్నంతసేపూ ముక్క పైభాగం వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీల పైన ఉండాలి. ఈ రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీల్ మయార్ వివరించాడు, అందుకే మయార్ చర్య అంటారు. వంటింట్లో దీనర్థం ఏమిటంటే, పెనం మీద వేసే ముందు మిగులును గుడ్డతోనో కాగితంతోనో అద్ది తడి తీసేయాలి. పెనం వెడల్పుగా ఉండాలి, బాగా కాగాలి. ముక్కల్ని ఒక్క వరుసలో, ఎడంగా పరచాలి. పరిచాక ఓ మూడు నాలుగు నిమిషాలు వాటి జోలికి వెళ్లకూడదు. గరిటెతో అస్తమానం కదిపేవాళ్లకి ఎప్పటికీ వేపుడు రాదు, ఆవిరిపట్టిన కూర వస్తుంది. మైక్రోవేవ్ ఈ పనికి పనికిరాదని చెప్పనక్కర్లేదు. అది లోపలి నీటిని వేడిచేస్తుంది కాబట్టి ఉన్న కరకర కూడా పోతుంది.

ఇప్పుడు మీ ఫ్రిజ్‌నే తీసుకుందాం. నేను మీ స్థానంలో ఉంటే ఏ డబ్బా ముందు తెరుస్తానంటే, అన్నం. అది అన్నిటికన్నా తొందరది, కారణం తర్వాత చెబుతాను. అదృష్టమేమిటంటే, వేయించిన అన్నానికి వేడివేడి అన్నం కన్నా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉన్నదే మేలు. వండినప్పుడు గింజలోని పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. చల్లారాక ఆ పిండి అణువులు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి, పైతడి కూడా ఆరుతుంది. అందుకే చల్లటి అన్నం పొడిపొడిగా విడిపోతుంది, పెనం మీద ముద్దకట్టదు. చేత్తో ముందే ఉండలు చిదిపి పెట్టుకోండి. కాగిన నూనెలో ముందు ఆ సగం ఉల్లిపాయ, సన్నగా తరిగిన క్యారెట్లు వేయండి. అవి వేగాక గుడ్లు కొట్టి, సగం ఉడికీ ఉడకకుండానే అన్నం వేసి, పెద్ద మంట మీద తిప్పండి. గుడ్డు గింజ చుట్టూ పట్టుకుంటుంది. ఉప్పు చివర్లో, రుచి చూశాకే. గుడ్డు తినని ఇళ్లలో వేయించిన పల్లీలో జీడిపప్పో వేస్తే నమలడానికి ఏదో ఒకటి తగులుతుంది.

వాడిపోయిన క్యారెట్లంటారా, వాటికి జరిగింది నీళ్లు పోవడమే. బాగా చల్లటి నీళ్లలో అరగంటో గంటో ముంచి ఉంచితే చాలావరకు మళ్లీ బిర్రుగా అవుతాయి. ఆకుకూరలకూ ఇదే చికిత్స. జిగురుపట్టినవి, నల్లబడి నీరు కారేవి మాత్రం నీళ్లలో వేయకండి, బుట్టలో వేయండి.

రెండో రోజు కోడిమాంసం. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పాత వంట అన్న అనుమానం అందరికీ తగిలేది మాంసంలోనే. వండిన మాంసాన్ని దాచి మళ్లీ వేడిచేస్తే ఒకలాంటి చప్పిడి, అట్టముక్క వాసన వస్తుంది. మాంసంలోని కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల వచ్చే వాసన అది. మాంసంలోనే ఉన్న ఇనుము ఆ పనిని తొందరపెడుతుంది. కోడి, చేప లాంటివాటి కొవ్వు త్వరగా ఆక్సీకరణం చెందేరకం కాబట్టి వాటిలో ఇంకా ముందు తెలుస్తుంది. దీనికి విరుగుడు గాలి తగలనివ్వకపోవడం. మాంసాన్ని ముక్కలు ముక్కలుగా పొడిగా డబ్బాలో వేయకుండా దాని రసంతోనే, డబ్బా నిండుగా దాచండి. పెద్ద ముక్కను తినబోయే ముందే చీల్చండి. తిరిగి వాడేటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, అసలు వేడిచేయకపోవడం. ఫ్రిజ్‌లో సరిగ్గా దాచిన మాంసాన్ని సన్నగా చీల్చి, నిమ్మరసం, మిరియాలు, ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి చల్లగానే తినేయొచ్చు, ఆ వాసన దాదాపు తెలియదు. రెండోది, ఘాటైన వేడి రసంలో చివర్లో వేసి, లోపలిదాకా బాగా వేడెక్కేవరకే ఉంచి దించేయడం. వెల్లుల్లి, అల్లం, టమాటా వాసన ముందు నిలబడుతుంది. అదే ముక్కల్ని ఇంకో అరగంట ఉడికిస్తే పీచు పీచుగా మారి నమల్లేరు.

పప్పు, దుంపలు, బ్రెడ్డు — ఈ మూడింటికీ నా దగ్గర ఒకే వంట ఉంది, నాకు చాలా ఇష్టమైనది. బ్రెడ్డు అంచుల్ని సన్నని సెగమీద ఎండబెట్టి పొడిచేయండి. పప్పును వెడల్పాటి మూకుట్లో వేసి, గరిటె గీస్తే అడుగు కనిపించేంత గట్టిగా అయ్యేదాకా నీరు ఇగర్చండి. దుంపల్ని చేత్తో చిదిమి అందులో కలపండి. మరీ మెత్తగా చేయొద్దు, అక్కడక్కడా గడ్డలుంటేనే బాగుంటుంది. తడి ఎక్కువనిపిస్తే బ్రెడ్డు పొడి వేయండి, అది పీల్చుకుంటుంది. సుమారు రెండు కప్పుల ముద్దకు ఒక గుడ్డు, లేదా రెండు చెంచాల శనగపిండి కలిపితే విడిపోకుండా పట్టి ఉంచుతుంది. బిళ్లలుగా ఒత్తి, పైన మళ్లీ బ్రెడ్డు పొడి అద్ది, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఈ అరగంట చాలామంది ఎగ్గొడతారు, ఆ తర్వాత పెనం మీద విరిగిపోయాయని బాధపడతారు. చల్లబడి బిగుసుకున్న బిళ్లల్ని రెండువైపులా ఎర్రగా కాల్చి, పక్కన చల్లటి పెరుగూ తరిగిన దోసకాయా పెట్టండి. మూడు డబ్బాలు ఖాళీ అవుతాయి, ఇందులో ఏదీ నిన్నటిదిగా కనిపించదు. ఇదే ముద్దలో మిగిలిన కూరముక్కలూ కలిసిపోతాయి. అయితే నీళ్లూరే సొరకాయ, వంకాయ లాంటివి ముందుగా పిండి వేయాలి.

సూప్ మీద మీకు మనసు విరిగి ఉండొచ్చు గానీ దాన్ని పూర్తిగా వదిలేయకండి. పప్పు ఒక్కదాన్నే వేడినీళ్లతో పల్చన చేసి మరిగించి, దించాక నిమ్మరసం పిండి, నూనెలో వేయించిన బ్రెడ్డు ముక్కలు వడ్డించేటప్పుడు పైన వేస్తే అది మంచి సూపే. అందులో ఒక్కటే ముఖ్యమైన మిగులు, ఒక్కటే కరకర, ఒక్కటే పులుపు ఉన్నాయి. మీ మొన్నటి గిన్నెలో లేనిది ఇదే.

బ్రెడ్డు గురించి ఇంకో మాట. దాన్ని ఫ్రిజ్‌లో పెడుతున్నట్టున్నారు. అన్నం గట్టిపడటానికి ఏ కారణం చెప్పానో అదే కారణంతో బ్రెడ్డు బయటకన్నా ఫ్రిజ్‌లో త్వరగా ఎండిపోయినట్టవుతుంది. రెండు మూడు రోజుల్లో తినేస్తే బయటే ఉంచండి, అంతకన్నా ఎక్కువైతే ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డ బ్రెడ్డును వేడిచేస్తే ఆ బిగుసుకున్న పిండి మళ్లీ సడలి కాసేపు మెత్తబడుతుంది. కానీ చల్లారగానే ముందుకన్నా గట్టిపడుతుంది కాబట్టి వేడిగా ఉండగానే తినేయాలి. బూజు పట్టిందంటే మాత్రం ఆ ముక్క తీసేసి మిగతాది తినడం కుదరదు. మెత్తటి వాటిలో బూజు వేళ్లు కంటికి కనిపించనంత లోపలికి పాకి ఉంటాయి. గట్టి చీజ్ అయితే బూజు చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు కోసేసి మిగతాది వాడొచ్చు.

రుచి విషయంలో చెప్పాల్సింది పెద్దగా లేదు, రెండు మూడు విషయాలు చాలు. నిల్వ ఉన్న వంటలో మొదట పోయేది తాజా వాసన. పోయినదాన్ని ఉప్పు, కారం పెంచి తిరిగి తేలేం. కానీ చివర్లో కాస్త నిమ్మరసమో వెనిగరో, పచ్చి ఆకులో, వేడినూనెలో అప్పుడే చిటపటలాడిన వెల్లుల్లో వేస్తే చాలావరకు తిరిగొస్తుంది. పులుపు పొయ్యి మీద కాదు, దించాక వేయండి. ఉప్పు మాత్రం ఎప్పుడూ చివరే. మళ్లీ మరిగేటప్పుడు నీరు ఇగిరి ఉన్న ఉప్పే ఎక్కువవుతుంది. పైగా చల్లటి పదార్థం నోటికి చప్పగా తగులుతుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే రుచి చూసి ఉప్పు వేస్తే వేడయ్యాక తప్పకుండా ఉప్పగా ఉంటుంది. లోతు లేని రుచిగా తోస్తే ఒక చెంచా టమాటా గుజ్జు నూనెలో వేయించి కలపండి, లేదా పుట్టగొడుగులు, గట్టి చీజ్ తురుము. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా 1908లో ఉమామి అని పేరుపెట్టిన రుచి వీటిలో బాగా ఉంటుంది. సీసాల అడుగున మిగిలే ఆవాల ముద్ద, టమాటా సాస్, ఊరగాయ నూనె లాంటివి కూడా పారేయొద్దు. సీసాలోనే కాస్త వేడినీళ్లో నిమ్మరసమో పోసి మూతపెట్టి గట్టిగా ఊపండి, ఆ పూట కూరగాయలకు సాస్ తయారు.

తొక్కలు, కాడలు, చివర్లు దాచుకోవాలా అని కొందరు అడుగుతుంటారు. ఉల్లి చివర్లు, క్యారెట్ తలలు, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగు కాడలు ఫ్రీజర్‌లో ఒక సంచిలో వేస్తూ పోయి, నిండాక ముప్పావు గంట సన్నని సెగమీద మరిగించి వడకడితే నీళ్లకు బదులు ఏ సూప్‌లోనైనా పోసుకోవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ జాతివి అందులో వేయకండి, గంధకపు వాసన కొట్టి గిన్నె అంతా పాడుచేస్తాయి. పచ్చరంగు తిరిగిన బంగాళదుంప తొక్క అసలే వద్దు, అందులో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఇదంతా ఓపిక ఉన్నవాళ్లకి. మీరు ఉద్యోగం నుంచి అలిసి వచ్చి క్యారెట్ తలలు దాచలేదని దిగులు పడకండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. వాసన చూసి వాడేస్తున్నానన్నారు. దయచేసి అది మానేయండి. ఆహారాన్ని కుళ్లబెట్టి వాసన తెప్పించే సూక్ష్మజీవులు వేరు, మనల్ని జబ్బుచేసేవి వేరు. రెండోరకం ఉన్నా వాసన, రంగు, రుచి ఏమీ మారకపోవచ్చు. వాసన బాగాలేకపోతే పారేయడానికి ముక్కు పనికొస్తుంది, బాగుంది తినొచ్చు అని చెప్పడానికి పనికిరాదు. అందుకు గడియారం, తేదీ కావాలి.

గడియారం ఎలాగంటే: వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, వేడి 32 డిగ్రీలు దాటిన రోజుల్లో అయితే ఒక్క గంటే. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలని గంటల తరబడి బయట ఉంచుతారు చాలామంది, అది అక్కర్లేదు. సెగలు తగ్గగానే లోతు తక్కువ, సుమారు ఐదు సెంటీమీటర్లు మించని వెడల్పు డబ్బాల్లో పోసి లోపల పెట్టేయండి. పెద్ద గిన్నెతో నిండుగా పెడితే పైన చల్లబడినా మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, ప్రమాదం అక్కడే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి చూసుకోండి, చాలా ఫ్రిజ్‌లు మనం అనుకున్నంత చల్లగా ఉండవు.

తేదీ సంగతికొస్తే, అమెరికా వ్యవసాయ శాఖ వండిన మిగులు మూడు నాలుగు రోజుల్లో తినేయమంటుంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఇంకా కచ్చితం: 48 గంటలు, అన్నమైతే 24 గంటలు. అన్నానికి ఈ ప్రత్యేక గడువు ఎందుకంటే, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అవి ఉడికించినా చావవు. వండిన అన్నం బయట గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ ఎంత వేడిచేసినా పోదు. అంటే రాత్రంతా పొయ్యి పక్కన ఉండిపోయిన అన్నాన్ని పొద్దున ఎంత ఎర్రగా వేయించినా బాగుపడదు. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నాన్నే మర్నాడు వాడండి. మిగతావి తిరిగి వేడిచేసినప్పుడు లోపలిదాకా 74 డిగ్రీలకు చేరాలి. థర్మామీటర్ లేకపోతే మధ్యలోంచి ఆవిరి బాగా రావాలి, పులుసులైతే తెర్లాలి. తినేంత మాత్రమే విడిగా తీసి వేడిచేయండి, మొత్తం డబ్బాను రోజూ వేడిచేసి మళ్లీ లోపల పెట్టడం మంచిది కాదు. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, బాగా పెద్దవాళ్లు ఉంటే గడువులో తక్కువదాన్నే పాటించండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరగగలదు, వాళ్లకి అది ప్రాణాంతకం కావచ్చు. పైన చెప్పిన చల్లటి మాంసం వంట కూడా వాళ్లకి వద్దు.

ఇంత లెక్క ఎలా గుర్తుంటుందంటారేమో, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డబ్బా మీద ఒక టేపు ముక్క అంటించి వండిన తేదీ రాయండి. గాజువైనా, లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్‌వైనా వాడండి. మూత తీస్తే గానీ ఏముందో తెలియని గిన్నె ఫ్రిజ్ వెనక్కి చేరి అక్కడే ముసలిదవుతుంది. మిగిలినవన్నీ కంటి ఎత్తులో ఒకే అరలో పెట్టండి, ఆ అరలో ఇంకేమీ పెట్టొద్దు. కూరగాయలు కొనడానికి వెళ్లే ముందు రోజు రాత్రి ఆ అర చూసి వంట నిర్ణయించుకోండి. అప్పుడు కొనేది కూడా తగ్గుతుంది.

మీరు వారం చివరిదాకా దాచుతున్నారు, అక్కడే దెబ్బతింటున్నారు. ఆదివారం వండింది శుక్రవారం కొత్త వంట కాలేదు, దాని కాలం అప్పటికే అయిపోయింది. మూడు రోజుల్లో వాడలేమని రెండో రోజే తెలిస్తే ఫ్రీజర్‌లో పెట్టేయండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగదు, రుచి మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పప్పు, పులుసులు, ఉడికించిన మాంసం, అన్నం బాగానే నిలుస్తాయి. నీరు ఎక్కువున్న కూరగాయల్లో మాత్రం మంచు స్ఫటికాలు కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక నలిగిపోయి ఉంటాయి. అవి సూప్‌కే గానీ వేపుడికి రావు. కరిగించడం కూడా ఫ్రిజ్‌లోనే, ముందు రోజు రాత్రి తీసిపెట్టుకుని.

మీవారి విషయంలో రెండు మాటలు. మిగులును దాచిపెట్టి కొత్తదని చెప్పి పెట్టొద్దు. ఒకసారి దొరికిపోతే ఆ తర్వాత నిజంగా కొత్తది పెట్టినా అనుమానమే. "నిన్నటి దుంపలతో చేశాను" అని తేలిగ్గా చెప్పేయండి. వరుసగా రెండు పూటలు ఒకే రూపంలో మాత్రం వడ్డించకండి, మధ్యలో ఒక పూట వేరే వంట వస్తే నాలుక మర్చిపోతుంది. పిల్లలకైతే వండి ముందు పెట్టడం కన్నా గిన్నెల్లో విడివిడిగా పెట్టి వాళ్లనే కలుపుకోనివ్వండి. ఒక గిన్నెలో మాంసం, ఒక గిన్నెలో వేయించిన కూరగాయలు, ఒకదాంట్లో పెరుగు, ఒకదాంట్లో చీజ్, పక్కన వేడి రొట్టెలు. వాళ్లు తయారుచేసుకున్నదాన్ని వాళ్లు వంకపెట్టరు, కనీసం అంత గట్టిగా పెట్టరు.

మీ చెల్లెలికి చెప్పడానికి ఒక లెక్క ఇస్తాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి పారేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 60 శాతం ఇళ్లనుంచే. సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు ఇంట్లోనే వృథా. ఆ డబ్బాలు దాచడం వెనక మీ ఆలోచన పిసినారితనం కాదు. కానీ నిజం చెప్పాలంటే, దాచి ఐదో రోజు పారేస్తే ఆ ఆహారం వృథా లెక్కలోంచి తగ్గలేదు, ఫ్రిజ్ కరెంటు అదనంగా ఖర్చయింది, అంతే. అందుకే వంటే తగ్గించాల్సిన చోట తగ్గించండి. ప్రతి వారం ఒకే వంట మిగులుతుంటే దాన్ని ఏం చేయాలా అని ఆలోచించకండి, వచ్చేవారం ఒక గ్లాసు తక్కువ పోయండి. కావాలనే ఎక్కువ వండటం వేరు. మర్నాడు వేయించుకోవడానికని రెండు గ్లాసులు అదనంగా వండిన అన్నం, బిళ్లలకోసమని ఇంకో నాలుగు దుంపలు ఉడికించడం మంచి పద్ధతి. రేపు దేనికి వస్తుందో వండేటప్పుడే తెలుసు కాబట్టి అది వెనక్కి చేరదు. మసాలా, పులుపు కలపకముందే ఆ భాగం తీసి పక్కన పెట్టండి. చప్పగా ఉడికింది దేనికైనా ఒదుగుతుంది, పూర్తిగా తయారైన కూరను వేరే దారి పట్టించడం కష్టం.

ఒక్క సంగతి దాచకుండా చెబుతాను. అన్నిటినీ కొత్త వంటగా మార్చాలని పట్టుదలకు పోకండి. కొన్ని పులుసులు, పప్పులు మర్నాటికి మసాలా బాగా పట్టి ఇంకా రుచిగా ఉంటాయి. వాటిని శుభ్రంగా వేడిచేసి అలాగే తినడమే వాటికి మర్యాద. రెండు చెంచాల కూర మిగిలిందని దానికోసం ఇంకో కప్పు పిండి, రెండు గుడ్లు, బోలెడు నూనె ఖర్చుపెట్టి ఏదో చేసి, అది మళ్లీ మిగిలితే లాభమేముంది? ఆ రెండు చెంచాలూ పొద్దున్నే రొట్టె మధ్యలో పెట్టుకుని మీరే తినేయండి.

ఈ వారం డబ్బాలు బయటికి తీసినప్పుడు ఎప్పుడు వండారో గుర్తురానిది ఏదైనా ఉంటే దాంతో ప్రయోగాలు వద్దు, నేరుగా చెత్తబుట్టలోకి. ఉల్లిపాయకు మాత్రం ఈ కఠినం అక్కర్లేదు. కోసినవైపు ఎండిన పొర తీసేసి, లోపల జిగురు లేకపోతే వేడినూనెలో వేసుకోండి. తేదీ తెలిసినవాటిలో నిన్నటి అన్నం ఉంటే ఈ రాత్రికి దాన్నే వేయించండి.